గంటకో గ్లాసు

పొద్దున కమలాపండు రసం. గంట తిరిగేసరికి ఆకుల రసం. ఆ పై గంటకు క్యారెట్, పచ్చ యాపిల్ కలిపి పిండింది. మళ్లీ ఆకులు, మళ్లీ క్యారెట్. ఇలా చీకటిపడేదాకా 13 గ్లాసులు. గ్లాసుకి పావు లీటరు లెక్కన మూడు లీటర్లు దాటుతుంది. ఒకేసారి పిండి పక్కన పెట్టుకోవడానికి లేదు, ఎప్పటిదప్పుడే. అంత రసం దిగాలంటే ఇంటికి రోజూ ఏడెనిమిది కిలోల కూరలూ పళ్లూ రావాలి. కడగాలి, తరగాలి, తురమాలి, గుడ్డలో వేసి నొక్కాలి, మిషను విప్పి తోమాలి. మిషను తడి ఆరకముందే ఇంకో గంట కొడుతుంది. ఈ మధ్యలో అయిదుసార్లు కాఫీ. తాగడానికి కాదు, ఎనిమాకి.

ఇలా రెండేళ్లు గడిపిన అమ్మాయి పేరు జెస్సికా ఐన్స్‌కో. జెస్ అనేవారు. ఆస్ట్రేలియా తూర్పున, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో, సన్‌షైన్ కోస్ట్ అనే సముద్రతీరం ఆమెది. సిడ్నీ వెళ్లి, టీనేజి ఆడపిల్లల పత్రిక ‘డాలీ’లో ఆన్‌లైన్ ఎడిటర్‌గా చేరింది. పార్టీలు, తెల్లవారుజాము నిద్రలు, మైక్రోవేవ్‌లో వేడిచేసుకున్న భోజనాలు. ఆ రోజుల గురించి తర్వాత ఆమె చెప్పుకున్న తీరు ఇది. మాదాపూర్ హాస్టళ్లలో ఉండే మన పిల్లల్ని చూసినవాళ్లకు ఇంతకంటే విడమర్చక్కర్లేదు.

2008లో ఆమెకు 22 ఏళ్లు. ఎడమ చేతి మీద గడ్డలు లేచాయి. పరీక్ష చేస్తే ఎపితిలియాయిడ్ సార్కోమా అన్నారు. చాలా అరుదైన క్యాన్సర్. 1970లో ఎంజింగర్ అనే పాథాలజిస్టు విడదీసి చూపించేదాకా డాక్టర్లే దాన్ని వేరే పుండుగానో వేరే కణితిగానో పొరబడేవారు. ఎక్కువగా పడుచువాళ్లకే వస్తుంది. వేళ్ల దగ్గరో, అరచేతిలోనో, ముంజేతి మీదో గట్టిగా చిన్న బుడిపెలా మొదలవుతుంది. చాలాసార్లు నొప్పి కూడా ఉండదు. దానికి తొందర లేదు. చర్మం కింద, నరాల వెంట, స్నాయువుల వెంట మెల్లగా పైకి పాకుతుంది. తీసేసినచోటే కొన్నాళ్లకి మళ్లీ కనిపిస్తుంది. నెలల్లో ముగించే జబ్బు కాదు, ఏళ్లు తీసుకుంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. జెస్ కథ మొత్తం ఈ నెమ్మదితనం మీదే నడిచింది.

చెయ్యి భుజం దగ్గరికి తీసేయాలన్నారు. ఆపరేషను జరిగేలోపు ఇంకో దారి చూపించారు. చేతికి పైన బిగించి కట్టేసి, ఒంట్లో మిగతా భాగాలకు పాకకుండా, ఆ ఒక్క చేతిలోనే మందును చాలా ఎక్కువ మోతాదులో తిప్పే పద్ధతి. ఆమె ఒప్పుకుంది. ఫలించింది. స్కానులో ఏమీ లేదన్నారు. ఏడాది తిరిగీ తిరగకుండానే, 2009లో, మళ్లీ వచ్చింది. ఈసారి చెయ్యి తీయడం తప్ప వేరే మాట లేదు. తీసినా ఇక రాదన్న పూచీ ఎవరూ ఇవ్వలేరు.

ఇక్కడ ఆమెను తప్పుపట్టడం సులువు. నాకు నోరు రావడం లేదు. 24 ఏళ్ల పిల్లకి ఒకపక్క భుజం నుంచి చెయ్యి లేని బతుకు. పోనీ, ఇచ్చేస్తే ప్రాణం దక్కుతుందా అంటే చూద్దామన్న జవాబు. ఇంకోపక్క ఒక పుస్తకం. నీ జబ్బుకి కారణం నీ తిండి, నీ ఒంట్లో పేరుకున్న విషాలు, వాటిని కడిగేస్తే ఒళ్లే తనను తాను బాగుచేసుకుంటుంది అనే మాట. ఆస్పత్రిలో ఆమె చేయగలిగింది బల్ల మీద పడుకోవడం ఒక్కటే. వంటింట్లో గంటగంటకీ పని ఉంది. భయంతో ఉన్నవాళ్లకి చేతినిండా పని ఇవ్వడం కంటే పెద్ద మందు లేదు. అది ఏ జబ్బుకి మందు అన్నది వేరే సంగతి.

‘చేసుకున్నవారికి చేసుకున్నంత’ అంటాం మనం. ఆ మాటలో ఎంత క్రూరత్వం ఉందో అంత ఊరటా ఉంది. నా తప్పు వల్లే వచ్చిందంటే, దిద్దుకోవడం కూడా నా చేతిలోనే ఉన్నట్టు. ఊరికే వచ్చింది, ఎందుకొచ్చిందో తెలియదు అనే మాటని మోయడం చాలా కష్టం. జెస్ మొదటిదాన్నే ఎంచుకుంది. తన జీవితమే ఈ జబ్బుని తెచ్చిందని నమ్మింది.

ఆ రసాల వైద్యానికి మూలపురుషుడు మాక్స్ గెర్సన్. 1881లో, ఇప్పుడు పోలండ్‌లో ఉన్న అప్పటి జర్మనీ ఊళ్లో పుట్టాడు. తనకున్న పార్శ్వపు నొప్పికి ఉప్పు మానేసి చూసుకున్నాడు, తగ్గింది. ఆ పథ్యమే చర్మానికి వచ్చే క్షయ రోగులకు పెట్టాడు. పేరొచ్చింది. అక్కణ్నుంచి క్యాన్సర్‌కి వెళ్లాడు. యూదుడు కాబట్టి హిట్లర్ రాజ్యంలో ఉండలేక దేశాలు పట్టి, 1936లో అమెరికా చేరాడు. నయమయ్యాయన్న 50 కేసులతో 1958లో పుస్తకం అచ్చేసి, మరుసటి ఏడే కన్నుమూశాడు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1947లో ఆయన చూపించిన 10 కేసుల్ని, 1959లో పుస్తకంలోని 50 కేసుల్ని పరిశీలించింది. మేలు జరిగిందనడానికి ఆధారం దొరకలేదంది. కథ అక్కడ ఆగాల్సింది. కూతురు షార్లెట్ తండ్రి పేరున సంస్థ పెట్టింది. వైద్యశాల మాత్రం సరిహద్దు దాటి, మెక్సికోలోని తిహ్వానాలో వెలిసింది. 2010లో జెస్ అక్కడికే వెళ్లి మూడు వారాలు ఉండి, విధానం నేర్చుకుని ఇంటికొచ్చింది.

ఇదంతా ఎక్కడో పరాయి పిచ్చి అని మనం నవ్వుకోవడానికి లేదు. జర్మనీలోనే, లైప్‌జిగ్‌లో, గెర్సన్ కంటే ముందు తరంలో లూయీ కూనే అనే ఆయన ఉండేవాడు. రోగాలన్నిటికీ మూలం ఒక్కటే, ఒంట్లో చేరిన విజాతీయ పదార్థం, దాన్ని బయటికి పంపితే చాలన్నాడు. ఆయన పుస్తకాన్ని 1894లో ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ తెలుగు చేశారు. మన దేశంలో ప్రకృతి వైద్యానికి అదే నాంది అని చెబుతారు. అంటే ఈ ఒళ్లు కడుక్కునే విద్య ఇండియాలోకి దిగిన గుమ్మం మనదే. తొట్టి స్నానాలు, మట్టి పట్టీలు, బాత్రూం గోడకి వేలాడే ఎనిమా డబ్బా తెలియని తెలుగు పట్టణం ఉందా? అంతకుముందు నుంచీ ‘లంఖణం పరమౌషధం’ ఉండనే ఉంది. ఆదివారం పొద్దున్నే ముక్కు మూసి ఆముదం పట్టించిన పెద్దవాళ్లూ ఉన్నారు. ఆ రోజంతా చారన్నమే. సాయంత్రానికి ఒళ్లు తేలికపడేది, అది నిజం. గెర్సన్ విధానంలోనూ రోజు మార్చి రోజు ఆముదం ఉంది. మొదటిసారి అది చదివినప్పుడు మా పెద్దమ్మ పట్టుకొచ్చే ఇత్తడి గరిటె కళ్లముందు కదిలింది. మా పెద్దమ్మకి మాత్రం ఆముదం అజీర్తికే అని తెలుసు.

నేను కూరగాయలకి శత్రువుని కాను. నూనె తగ్గించి, ఉప్పు తగ్గించి, ఇంత ఆకుకూర తిని బాగుపడినవాళ్లు నా ఎరుకలోనే ఉన్నారు. పొద్దున్నే కె.బి.ఆర్. పార్కు గేటు ముందు బూడిద గుమ్మడికాయ రసమో కాకరకాయ రసమో తాగే పెద్దమనుషుల్ని చూసి నాకేం బాధ లేదు. కానీ ఒంటిని కడగడానికి లోపలే రెండు మూత్రపిండాలు, ఒక కాలేయం పుట్టినప్పటి నుంచి పనిచేస్తున్నాయి. పెద్దపేగులోకి ఎక్కించిన కాఫీ డికాక్షన్ కాలేయాన్ని కడుగుతుందని గెర్సన్ అనుకున్నాడు. అది కడిగిందని ఎవరూ చూపించలేదు. అతిగా చేస్తే ఒంట్లో పొటాషియం, సోడియం తలకిందులై గుండె మీదికి వస్తుందన్నది మాత్రం వైద్యులు చూసిన సంగతే.

ఈ వైద్యంలో నాకు అన్నిటికంటే భయమేసిన అంశం రసాలూ కాదు, ఎనిమాలూ కాదు. ‘నయమయ్యే లక్షణాలు’ అని ఒక మాట ఉంది అందులో. తలనొప్పి వస్తే, వికారం పుడితే, జ్వరం తగిలితే, నీరసంతో మంచం దిగలేకపోతే విషాలు బయటికి పోతున్నాయని అర్థమట. బాగుంటే వైద్యం పనిచేస్తున్నట్టు. బాగోకపోయినా పనిచేస్తున్నట్టే. ఇక ఆగమని ఒళ్లు చెప్పాలంటే ఏ భాషలో చెప్పాలి?

ఆమె ఒళ్లు చాలాకాలం ఏమీ చెప్పలేదు కూడా. ఒక ఏడాది గడిచింది. రెండేళ్లు గడిచాయి. జెస్ బతికే ఉంది. చర్మం నిగనిగలాడుతోంది, ముఖంలో కళ ఉంది, సముద్రం ఒడ్డున నవ్వుతూ ఫొటోలు. డాక్టర్లు చెయ్యి తీసేయమన్న అమ్మాయి రెండు చేతులతో కూరలు తరుగుతోంది. ఇంతకంటే రుజువు ఏం కావాలి? ఎపితిలియాయిడ్ సార్కోమా వచ్చినవాళ్లు ఏ వైద్యమూ సరిగా లేకపోయినా ఏళ్లు బతకడం ఉంది, అది ఆ జబ్బు నడక. ఆ మాట చెప్పిన క్యాన్సర్ వైద్యులు లేకపోలేదు. వాళ్ల మాట పొడిగా, గణాంకాలతో ఉంది. ఆమె మాట తడిగా, పచ్చగా ఉంది. జబ్బు తీసుకుంటున్న వ్యవధిని ఆమె తన గెలుపనుకుంది. నిజాయితీగానే అనుకుంది.

పత్రికలో పనిచేసిన చెయ్యి కదా, రాయడం వచ్చు. తన రోజుల్ని ఇంటర్నెట్‌లో రాస్తూ తనకు తాను ‘వెల్‌నెస్ వారియర్’ అని పేరు పెట్టుకుంది. మన మాటల్లో చెప్పాలంటే ఆరోగ్య వీరవనిత. వంటకాలు, సభలు, శిక్షణ తరగతులు, వేలాదిమంది అభిమానులు. 2013లో పుస్తకం వచ్చింది, ‘మేక్ పీస్ విత్ యువర్ ప్లేట్’. కంచంతో సంధి చేసుకో అన్నమాట. రెండేళ్ల కఠోర నియమం ముగిసి, ఆమె ఒక వృత్తిలో స్థిరపడింది. ఆ వృత్తి పేరు బతికి ఉండడం.

అందులోంచి వెనక్కి రావడం ఎలా? మామూలు రోగి అయితే ఒక రాత్రి నిద్రపట్టక, తెల్లారి డాక్టరు దగ్గరికి వెళ్లి, తప్పయింది, చెయ్యి తీసేయండి అనొచ్చు. చూసేవాళ్లు ఇంట్లో నలుగురే. జెస్‌కి ఆ తలుపు ఆమె రాసిన ప్రతి వాక్యంతోనూ ఇంకాస్త బరువెక్కింది. చాలా ఫొటోల్లో ఆమె ఎడమ చెయ్యి ఫ్రేములోకి వచ్చేది కాదు. వచ్చినా పొడుగు చేతుల చొక్కానో, శాలువానో అడ్డం. చూసే కళ్లున్నవాళ్లు అప్పుడే గమనించారు.

ఇక తల్లి.

2011లో జెస్ తల్లికి రొమ్ము క్యాన్సర్ బయటపడింది. అప్పటికి కూతురు గెర్సన్ పథ్యంలో మధ్యలో ఉంది. ఇంట్లో జ్యూసు మిషను ఉంది, ఎనిమాకి కాఫీ ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా కళ్లెదుట బతికి ఉన్న కూతురు ఉంది. తల్లి కూడా అదే దారి పట్టింది. ఎవరూ బలవంతపెట్టి ఉండరు. బిడ్డ బతుకుతోందన్న నమ్మకంలో తాను చేరకపోతే బిడ్డని నమ్మనట్టవుతుందని ఏ తల్లికి తోచదు? ఇది నా ఊహ. ఆమె మనసులో ఏముందో ఆమెతోనే పోయింది. కానీ ఈ కథలో నేను ఎక్కువసేపు ఆగింది ఇక్కడే. కూతురి క్యాన్సర్ మొండిది, చెయ్యి ఇచ్చినా ప్రాణం దక్కుతుందో లేదో తెలియనిది. తల్లిది వైద్యానికి బాగా తెలిసిన శత్రువు. ఆపరేషను, రేడియేషను, మాత్రలతో ఏటా లక్షలమంది బయటపడుతున్న జబ్బు. 2013 అక్టోబరులో ఆమె చనిపోయింది.

యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ఒక లెక్క బయటపెట్టారు. వైద్యం మానేసి ప్రత్యామ్నాయాల్నే నమ్ముకున్న 281 మంది క్యాన్సర్ రోగుల్ని, మామూలు వైద్యం చేయించుకున్నవాళ్లతో పోల్చి చూశారు. మొత్తం మీద చావు ముప్పు రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్ ఒక్కదాన్నే తీసుకుంటే అయిదున్నర రెట్లు దాటింది. ఆ లెక్క అచ్చయ్యేనాటికి ఈ తల్లీకూతుళ్లు ఇద్దరూ లేరు.

తల్లి పోయాక కూతురు కూలిపోయింది. 2014 ఫిబ్రవరి ప్రాంతం నుంచి ఎడమ చంక దగ్గర కణితి చర్మాన్ని చీల్చుకుని పుండై రక్తం కారడం మొదలైంది. ఆగలేదు. నెలల తరబడి మంచం మీదే. ఇంటర్నెట్‌లో రాతలు పలచబడ్డాయి. అభిమానులకు మాత్రం పాత ఫొటోల్లోని నవ్వే కనిపిస్తోంది. నిశ్చితార్థం అయ్యింది, పెళ్లి కావాల్సి ఉంది. ఆ పది నెలల గురించి డిసెంబరులో ఆమే రాసింది. తన ఏడేళ్ల జబ్బు కాలంలో నిజంగా మంచాన పడ్డది ఈ ఏడాదేనని, రక్తం ఆగడం లేదని, తన మాట వినే ఒక క్యాన్సర్ వైద్యుడిని కలుస్తున్నానని. ఆ రాతలో కోపం లేదు. నేను పొరబడ్డాను అన్న మాటా సూటిగా లేదు. అమ్మ పోయిన దుఃఖంతోనే జబ్బు తిరగబెట్టిందని ఆమె అర్థం చేసుకుంది. అన్నేళ్లు నమ్మినదాన్ని అంత నీరసంలో పడగొట్టమని ఆమెను ఎవరు అడగగలరు.

అంతా దాచిపెట్టిందని కొందరు మోసగత్తె అన్నారు. నేను ఆ మాట అనలేను. మోసం ఎలా ఉంటుందో అదే దేశంలో, 2015లో లోకం చూసింది. బెల్ గిబ్సన్ అనే ఇంకో యువతి తనకు మెదడులో క్యాన్సర్ వచ్చిందని, తిండితోనే తగ్గించుకున్నానని యాప్ అమ్మింది, వంట పుస్తకం అమ్మింది. జెస్ అంత్యక్రియలకూ వెళ్లింది. తర్వాత కొద్ది వారాలకే బండారం బయటపడింది. అసలు క్యాన్సరే లేదని 2015 ఏప్రిల్లో ఒప్పుకుంది. 2017లో కోర్టు 4,10,000 డాలర్ల జరిమానా వేసింది. 2025లో వచ్చిన నెట్‌ఫ్లిక్స్ సీరియల్‌లో ఆమె కథ పక్కనే జెస్‌ని తలపించే ఇంకో పాత్ర ఉంది. ఒకరు లేని జబ్బుని ఉందన్నారు. ఇంకొకరు ఉన్న జబ్బుని పోయిందనుకున్నారు. కానీ జెస్ మాట విని పథ్యం పట్టినవాళ్లు ఎందరో, వాళ్లు ఏమయ్యారో లెక్క లేదు. ఆమె మీద నాకున్న జాలి ఆ లెక్క దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది. నమ్మి చెప్పినా చెప్పినట్టే కదా.

మన దగ్గర ఈ కథకి ఇంత వెలుగు ఉండదు. హైదరాబాదు రెడ్ హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. అక్కడి వరండాల్లో కూర్చున్నవాళ్లని కదిలించండి. పసరు పోయించుకున్నవాళ్లు, పథ్యం మందు తిన్నవాళ్లు, గోధుమగడ్డి తాగుతూ ఆరు నెలలు చూసినవాళ్లు ఒకళ్లిద్దరైనా తగులుతారు. కోయించుకుంటే పాకుతుందని ఎవరో చెప్పారు సారూ, అంటారు. గొంతులో సంజాయిషీ ఉంటుంది. పక్కనున్న కొడుకో కోడలో నేల చూస్తుంటారు. సిడ్నీలో పనిచేసిన పత్రికా సంపాదకురాలికీ, పాలమూరు నుంచి బస్సెక్కి వచ్చిన ముసలమ్మకీ కత్తి అంటే అదే భయం.

సన్‌షైన్ కోస్ట్ ఇంట్లో 2013 అక్టోబరు నుంచి 2015 ఫిబ్రవరి దాకా లెక్కపెడితే 16 నెలలు. ఆ 16 నెలల్లో ఒక మనిషి భార్యనీ కూతుర్నీ సాగనంపాడు. ఈ వైద్యం ఒక్కరి వల్ల అయ్యేది కాదు, పక్కన ఎవరో ఒకరు తోడుండి తీరాలని దాన్ని నడిపేవాళ్లే చెబుతారు. క్యారెట్లు కడిగిన చేతులు, మిషను విప్పి తోమిన చేతులు, మంచం దగ్గరికి గ్లాసు అందించిన చేతులు ఎవరెవరివో మనకి ఎవరూ రాయలేదు.

2015 ఫిబ్రవరి 26, గురువారం. జెస్‌కి 29 ఏళ్లు. ఎడమ చెయ్యి ఆమెతోనే ఉంది.